ఇరవై మూడు బైలు

ట్రంకుపెట్టె తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. అది ఆవిడ మెడలో, కొలతల టేపుతో పాటు వేలాడుతోంది. అడిగే ధైర్యమే ఎవరికీ లేదు.

నిన్న సాయంత్రం పెట్టెకు తాళం వేసినప్పటినుంచి ఆవిడ కుట్టుమిషను తొక్కలేదు. ముందుగదిలో ఆ మిషను చప్పుడు ఆగిందంటే ఇంట్లో ఎవరికో మూడిందని అర్థం. కత్తిరించిన నర్సుల యూనిఫారాలు పన్నెండు జతలు బల్లమీద అలాగే పడి ఉన్నాయి. మూడింది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ భర్త బల్లకు అటువైపు కూర్చుని, అరిగిపోయిన పెన్సిల్‌ను ఇంకా అరగదీస్తున్నారు.

ఆయన్ని ఊరంతా స్కోరరుగారు అంటుంది. నలభై ఏళ్ళు మైదానం పక్క గదిలో కూర్చుని, మన జట్టుకూ అవతలి దేశపు జట్టుకూ ఇక్కడ జరిగిన ప్రతి మ్యాచ్‌నూ బంతి విడవకుండా పుస్తకాలకెక్కించిన మనిషి. ఆ రెండు జట్లూ తలపడటం మొదలై నూరేళ్ళు నిండుతున్నాయని పత్రికవాళ్ళు ఆయనకో పని అప్పగించారు. నూరేళ్ళలో ఈ పోరులో ఆడినవాళ్ళందరిలోంచీ మనవాళ్ళు పదకొండుమందినీ, వాళ్ళవాళ్ళు పదకొండుమందినీ ఎంచాలి. లోకమంతా మెచ్చిన ఆటగాడైనా సరే, ఈ పోరులో ఆడకపోతే లెక్కలోకి రాడు. అవతలి దేశపు స్కోరరు కూడా అలాగే రెండు జట్లు ఎంచుతాడు. ఇద్దరి జాబితాలూ పక్కపక్కనే అచ్చవుతాయి. గడువు ఇవాళ సాయంత్రం నాలుగు గంటలకి.

ఇరవై ఒక్క పేర్ల దగ్గర ఇంట్లో పేచీ రాలేదు. వచ్చిందల్లా మన వికెట్ కీపరు దగ్గరే. ఎందుకంటే ఆ చోటుకు తగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు, అందులో ఒకడు ఆవిడ తమ్ముడు. నిన్న సాయంత్రం స్కోరరుగారు రెండోవాడి పేరు రాశారు.

"తాళంచెవి ఇలా ఇవ్వు" అన్నారు స్కోరరుగారు, చివరికి.

"ఇవ్వను."

"ఒక్కో పేరు పక్కనా అంకెలు వెయ్యాలి. పుస్తకాలు చూడకుండా ఎలా వెయ్యను?"

"మా తమ్ముణ్ణి తీసేసేటప్పుడు పుస్తకం చూశారా?"

"చూశాను కాబట్టే తీసేశాను."

ఆవిడ కత్తెర బల్లమీద పెట్టింది. విసరలేదు, మెల్లిగా పెట్టింది. విసిరేసినా బాగుండేదనిపించింది స్కోరరుగారికి.

"ఏం చూశారో నాక్కూడా చెప్పండి. ఆ బంగారుచేతులు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?"

రెండో కీపరుకు అభిమానులు పెట్టిన పేరది. స్కోరరుగారికి ఈ అంకెలకు పుస్తకం అక్కర్లేదు. "ఇరవై రెండు. అరవై ఒక్కమందిని అవుట్ చేశాడు."

"మావాడు?"

"పద్నాలుగు. యాభై రెండుమంది."

"అంటే ఆయనగారికి మ్యాచ్‌కి ముగ్గురు కూడా రాలేదు. మావాడికి దగ్గరదగ్గర నలుగురు. నేను కుట్టుపనిదాన్నే గానీ భాగహారం వచ్చండీ."

"మరి బైలో?" అన్నారు స్కోరరుగారు.

ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఎవరూ పైకి అనని మాట అది. బంతి బ్యాటుకీ తగలక, ఒంటికీ తగలక, కీపర్ని దాటిపోతే వచ్చే పరుగులు బైలు. ఆ పాపం మొత్తం కీపరు నెత్తినే పడుతుంది. ఆవిడ తమ్ముడు ఆడిన ఆఖరి మ్యాచ్‌లో, ఒక్క ఇన్నింగ్స్‌లో, ఇరవై మూడు బైలు పోయాయి. పదకొండు పరుగుల తేడాతో మనవాళ్ళు ఓడిపోయారు. మర్నాడు పత్రికలో అతని బొమ్మ కింద "జల్లెడ" అని వేశారు. ఆ తర్వాత అతన్ని జట్టులోకి పిలవలేదు గానీ, ఆ పేరుతో మాత్రం పిలవనివాళ్ళు లేరు.

"బైలు తీసెయ్యకుండా కీపర్ని ఎలా తూస్తాం? ఇంట్లోవాడని ఇరవై మూడు పరుగులు మింగెయ్యమంటావా?"

"మింగమన్లేదు. ఆ రోజు వాడు వదల్లేదన్నాడు. వాడి మాట ఒక్కసారైనా విన్నారా అని అడుగుతున్నా."

"నోటిమాటకీ పుస్తకానికీ తేడా ఉంది."

"ఉంది. పుస్తకం అన్నం పెట్టమని అడగదు, అలిగి మేడెక్కదు. అందుకే మీకు పుస్తకమే ఇష్టం."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

పైవాటాలోంచి దిగి వచ్చాడు తమ్ముడు. అరవై నిండాయి. డ్రైవింగ్ స్కూలువాళ్ళ నీలం చొక్కా వేసుకున్నాడు. నిన్న రాత్రి భోజనానికి దిగలేదు. పొద్దున టీకీ దిగలేదు. ఇప్పుడు మాత్రం ఏమీ జరగనట్టే వచ్చి, అక్క పక్కన స్టూలు మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నాడు.

"కిందకి వినపడదనుకుంటారేమో, మీ మాటలన్నీ పైకి వినిపిస్తాయి" అన్నాడు. "అక్కా, వదిలెయ్. ఇరవై మూడు వదిలినవాణ్ణి, ఈ ఒక్కటి వదల్లేనా?"

"నువ్వు మాట్లాడకు. నీకోసం కాదు, నాకోసం అడుగుతున్నా."

"బావా, నన్ను వెయ్యొద్దు. వేస్తే బావమరిది కాబట్టి వేశాడంటారు. అదొక కొత్త పేరు మళ్ళీ. పన్నెండోవాడిగా కూడా వద్దు. ఈ మోకాళ్ళతో నేను నీళ్ళు మొయ్యలేను."

స్కోరరుగారు నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయారు.

"మరి నువ్వు ఆ రోజు వదల్లేదని ఏడ్చావు కదరా?" అంది ఆవిడ.

"అవును, వారం రోజులు ఏడ్చాను. అవన్నీ వాళ్ళ కాళ్ళకి తగిలి పోయాయనే అనుకున్నాను. మరి బావ పుస్తకంలో అలా ఉంటే ఏం చేస్తాం?" తమ్ముడు రెండో లేసు బిగించాడు. "మొదట్లో కాళ్ళకి తగిలినట్టే గుర్తుండేది. తర్వాత్తర్వాత నా చేతుల కిందనుంచి పోయినట్టే గుర్తొచ్చేది. ఇప్పుడైతే ఒక్కో బంతీ కళ్ళకి కట్టినట్టుంది. అలా వదిలేశానే అని తలుచుకుంటే సిగ్గేస్తుంది."

బయట కారు హారను మోగింది. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి నేర్చుకోకముందే హారను కొడుతోంది. తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు.

స్కోరరుగారికి మనసులో ఎక్కడో కలుక్కుమంది. కానీ దాన్ని ఏ గడిలో రాయాలో ఆయనకు తెలియదు.

*

పన్నెండు దాటాక కూతురు వచ్చింది. అదే పత్రికలో ప్రూఫులు దిద్దుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఎప్పుడూ ఇంటికి రాదు. ఇవాళ వచ్చింది, చేతిలో రెండు కాగితాలున్నాయి.

"అమ్మా, తాళం తీశావా?"

"లేదు."

"తీస్తావులే" అంటూ మొదటి కాగితం తండ్రి ముందు పెట్టింది. "ఇది నీ బొమ్మ పక్కన వేస్తారు నాన్నా."

స్కోరరుగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "నలభై ఏళ్ళు. లక్షల బంతులు. ఒక్క తప్పు లేని పుస్తకం." రెండోసారి కూడా చదివారు. ముఖం విప్పారింది. దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

"లక్షలంటే ఎక్కువేమో" అన్నారు, వినయంగా.

"ఇది అవతలి స్కోరరు జాబితా. పొద్దున వచ్చింది."

ఆయన పెన్సిల్ పట్టుకుని వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఓపెనర్లు అదే జంట. మూడో స్థానంలో గడియారం, రోజంతా నిలబడి యాభై కొట్టే మనిషి. "ఎంత తగలడ్డా, ఇక్కడ మాత్రం బుద్ధిగానే ఎంచాడు." వాళ్ళ ఫాస్టు బౌలర్ల దగ్గర మాత్రం పేచీ. "వీణ్ణి వేశాడేంటి? వీడికి గాలి ఉంటేనే బంతి తిరుగుతుంది. గాలిని కూడా జట్టులో వేసుకోమను." మళ్ళీ టిక్కులు. మన కీపరు దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది.

"జల్లెడనా?"

ఆవిడ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"కింద రాశాడు చదువు" అంది కూతురు. ఆయన చదవకపోతే తనే చదివింది. "'ఈ పోరులో ఇంతకు మించిన కీపర్ని రెండు వైపులా నేను చూడలేదు. అతని ఆఖరి మ్యాచ్‌లో బంతి మోకాలెత్తు కూడా లేవలేదు. అలాంటి పిచ్ మీద అతను పోనిచ్చిన బైలు నాలుగే. మిగతా ఇరవై మూడూ లెగ్‌బైలు. నా పుస్తకంలో అలాగే ఉంది.'"

లెగ్‌బై అంటే బ్యాటరు కాలికో ఒంటికో తగిలి పక్కకు పోయిన బంతి. అందులో కీపరు తప్పేమీ ఉండదు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

స్కోరరుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "వాడి పుస్తకం! తింటూ రాస్తాడు. పేజీ తిప్పితే వేళ్ళకి నూనె అంటుకుంటుంది. ఆ రోజు నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున నా పుస్తకం మీద సంతకం కూడా పెట్టాడు. అప్పుడేమైంది నోరు?"

"మొత్తం సరిపోయింది కాబట్టి పెట్టాడు నాన్నా. ఇరవై మూడూ నాలుగూ ఇరవై ఏడు. నాలుగూ ఇరవై మూడూ కూడా ఇరవై ఏడే."

ఆయన పెన్సిల్‌తో కాగితం అంచున ఆ రెండు అంకెలూ కూడి చూసుకున్నారు.

ఆవిడ మెడలోంచి టేపు తీసింది, తాళంచెవి విప్పింది, బల్లమీద ఆయన ముందుకు జరిపింది.

"తెరవండి."

పెట్టెలో పుస్తకాలన్నీ ఆవిడ కుట్టిన గుడ్డ అట్టల్లో ఉన్నాయి. ఆ మ్యాచ్ పుస్తకం ఆయన చేతికి చీకట్లోనైనా దొరుకుతుంది. పేజీ తీశారు. నల్లసిరా, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. బైలు ఇరవై మూడు. లెగ్‌బైలు నాలుగు.

"చూడండి, ఇద్దరూ చూడండి."

"ఇది ఇంటికొచ్చి రాసింది కదా" అంది కూతురు. "మైదానంలో రాసిందేది?"

స్కోరరుగారి పద్ధతి అందరికీ తెలిసిందే. పుస్తకంలో కొట్టివేత కనిపిస్తే ఆయనకు ఆ పూట అన్నం దిగదు. అందుకని మైదానంలో మామూలు నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసి, సాయంత్రం ఇంటికొచ్చి అచ్చు గడులున్న పుస్తకంలో సిరాతో ఎక్కించేవారు. మర్నాడు పొద్దున ఆ పుస్తకం మీదే అవతలి స్కోరరు సంతకం. తప్పులేని పుస్తకమని పేరొచ్చింది అందుకే. నోటుబుక్కులు మాత్రం పెట్టె అడుగున తాడుకట్టి పడేశారు. వాటినెవరూ తెరిచి చూడలేదు.

కూతురు తాడు విప్పింది. ఏడో నోటుబుక్కులో దొరికింది.

ఆయన చేతిలోకి తీసుకున్నారు. పేజీ అడుగున రెండు వరసలు, ఆయన చేతిరాతే. పైవరస లెగ్‌బైలు, ఇరవై మూడు. కిందివరస బైలు, నాలుగు.

అచ్చుపుస్తకంలో ఎప్పుడూ బైలు పైన, లెగ్‌బైలు కింద. ఆయన మిగతా నోటుబుక్కుల్లోనూ అలాగే గీసుకున్నారు, ఒక్క దీంట్లో తప్ప. ఆ రోజు పాత నోటుబుక్కు అయిపోయింది. భోజన విరామంలో, తినకుండా, హడావుడిగా కొత్తదానికి గీతలు గీశారు. గీసేటప్పుడు వరసలు తారుమారయ్యాయి. సాయంత్రం ఎక్కించేటప్పుడు అలవాటు కొద్దీ పేరు చూడకుండా, పైదాన్ని పైన, కిందిదాన్ని కింద ఎక్కించేశారు.

వీధిలో కూరగాయల బండి వచ్చి, కేకవేసి, వెళ్ళిపోయింది.

"సరే" అన్నారు స్కోరరుగారు చివరికి. "మీ తమ్ముణ్ణి వేసేస్తాను. బంగారుచేతుల్ని తీసేస్తాను. ఇంక గొడవ లేదుగా?"

"ఎందుకు మార్చారని అడిగితే?"

"ఎవరడుగుతారు? ఇద్దరు స్కోరర్లూ ఒకే మాట అన్నారనుకుంటారు."

"మరి ఇదో?" కూతురు మొదటి కాగితం ఎత్తి చూపించింది. ఒక్క తప్పు లేని పుస్తకం.

స్కోరరుగారు నీళ్ళు నమిలారు. "ఒక్క తప్పుందని నేనే చెప్తే, నలభై ఏళ్ళవీ అనుమానిస్తారమ్మా. అన్నీ మళ్ళీ తిరగేస్తారు. ఆ నూనెచేతులవాడు పగలబడి నవ్వుతాడు. నాకున్నది ఇదొక్కటే. తర్వాత నేనెవరికి మొహం చూపించను?"

ఆవిడ గొంతు పెంచలేదు. "మావాడు ముప్పై ఏళ్ళు ఆ మొహంతోనే తిరిగాడండీ. కూరగాయల బండివాడు జల్లెడగారూ అని పిలిస్తే పలికాడు. చేతులకి గ్లోవ్స్ మళ్ళీ తొడగలేదు. వీధిలో ఆడుకునే పిల్లలు బంతి విసిరితే, చేత్తో పట్టుకోకుండా కాలితో ఆపుతాడు. మీరెప్పుడైనా చూశారా?"

ఆయన చూశారు. చాలాసార్లు చూశారు. మోకాళ్ళ నొప్పి వల్ల వంగలేకపోతున్నాడనుకున్నారు.

"పేరు వేస్తే చాలదు" అంది ఆవిడ. "ఎందుకు వేశారో కూడా రాయాలి. రాయకపోతే వాడు రేపటికి బావమరిది కాబట్టి జట్టులోకొచ్చిన జల్లెడ అవుతాడు."

*

మూడున్నరకి తమ్ముడు భోజనానికొచ్చాడు.

"కారు నేర్చుకునే ఆ అమ్మాయి గోడకీ గేటుకీ తేడా చూడదక్కా. రెండూ ఒకటే తనకి" అంటూ లోపలికి అడుగుపెట్టి, తెరిచి ఉన్న పెట్టె చూసి ఆగాడు. ముగ్గురి ముఖాలూ చూశాడు. "ఎవరైనా పోయారా?"

చెప్పాల్సింది ఆయనే అని ఇద్దరు ఆడవాళ్ళూ అనుకున్నారు. స్కోరరుగారు నోటుబుక్కును బల్లమీద అటువైపు తిప్పి, వేలుపెట్టి చూపించారు.

తమ్ముడు వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. వచ్చి కూర్చుని, నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నాడు. అడుగున ఉన్న రెండు వరసలూ చదివాడు. పక్కనే ఉన్న అచ్చుపుస్తకం చూశాడు. మళ్ళీ నోటుబుక్కు చూశాడు.

తర్వాత ఒక్కో ఓవరూ వేలితో వెదకడం మొదలుపెట్టాడు.

"ఇది మన పొడుగువాడు వేసింది. ప్యాడుకి తగిలి పోయింది. నాలుగు. అవును, నేను అటువైపు దూకాను కూడా." వేలు జరిగింది. "ఇది తొడకి. ఒకటి. ఇది… ఇది షూకి తగిలింది. అంపైరు మోకాలి మీద చెయ్యి వేసి చూపించాడు. నేను చూశాను." వేలు జరిగింది. "ఇదీ ప్యాడే."

కూతురు కిటికీ వైపు తిరిగింది. ఆవిడ మాత్రం తమ్ముడి వేలినే చూస్తూ నిలబడింది.

ఇరవై మూడూ అయ్యాయి. ఒక్కటి కూడా తప్పిపోకుండా చెప్పాడు. నాలుగు బైలు దగ్గరికొచ్చి, "ఇది మాత్రం నాదే. చెయ్యి ఆలస్యమైంది" అన్నాడు.

"తప్పు నాదిరా" అన్నారు స్కోరరుగారు. "వరసలు చూసుకోలేదు."

తమ్ముడు నోటుబుక్కు మూశాడు. రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను వదల్లేదు బావా."

"వదల్లేదు."

"నీ పుస్తకాన్ని నమ్మి నా చేతుల్ని నమ్మడం మానేశాను. పొద్దున కూడా నీకే వంత పాడాను." నోటుబుక్కు మీంచి చేతులు తీశాడు. "తప్పు ఎవడైనా చేస్తాడు. నేనూ నాలుగు వదిలాను. వారం రోజులు నీ చుట్టూ తిరిగాను కదా, ఒక్కసారి ఈ పెట్టె తెరిచి చూడాల్సింది. తాళం కూడా లేదు అప్పుడు."

స్కోరరుగారు తల ఎత్తలేదు.

"నిన్ను జట్టులో వేస్తున్నాను" అన్నారు.

"జట్టెవడిక్కావాలి బావా."

ఫోను మోగింది. గోడగడియారం నాలుగు చూపిస్తోంది. స్కోరరుగారు కదల్లేదు. నాలుగోసారి మోగాక తమ్ముడే లేచి ఎత్తాడు.

"ఆఁ, స్కోరరుగారి ఇల్లే… నేనా? నేను జల్లెడనండీ." అవతల ఏదో గాభరాపడి సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. "పర్లేదు, అందరూ అలాగే అంటారు. ఉన్నారు. ఇస్తున్నా."

ఫోను బావ ముందుకు చాచాడు. చెయ్యి కదలకుండా ఉంది.

స్కోరరుగారు లేచి, అందుకుని, చెవి దగ్గర పెట్టుకున్నారు. క్రీడల పేజీ ఎడిటరు గొంతు పెద్దది. గదిలో అందరికీ వినిపిస్తోంది.

"నమస్కారం సార్. మధ్యాహ్నం మీరు పంపిన పేర్లతో పేజీ అంతా సిద్ధం. మన కీపరు గడి ఒక్కటే ఖాళీ. అవతలాయన జల్లెడని వేసి, మీ పుస్తకంలో తప్పుందంటున్నాడు. నేను నమ్మలేదనుకోండి. మీ పుస్తకంలో తప్పా! కానీ అడగడం నా ధర్మం కదా. ఉందా సార్?"

తమ్ముడు మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. కూతురు ఆ మొదటి కాగితం మీద పెన్ను పెట్టుకుని తండ్రి వైపు చూస్తోంది.

"సార్? వినపడుతోందా?"

"వినపడుతోంది" అన్నారు స్కోరరుగారు, రెండో చేత్తో నోటుబుక్కు తెరుస్తూ.